న్యూట్రాన్ సోర్సుకి సీసం ఇటుకలు సరిపోతాయా?

ఫైనలియర్_ఫిజిక్స్: మా డిపార్ట్‌మెంట్‌లో న్యూట్రాన్లు వెదజల్లే అమెరీషియం-బెరీలియం సోర్సు ఒకటి ఉంది, పాత మైనం డ్రమ్ములో. మైనం పగుళ్లిచ్చింది, కొత్త షీల్డింగ్ (రేడియేషన్‌కి అడ్డు) ఎలా ఉండాలో లెక్కలేసి రిపోర్టు ఇమ్మని సార్ నాకు అప్పజెప్పారు. బడ్జెట్ ఎంతని అడిగితే నవ్వారు. బోరాన్ కలిపిన ప్లాస్టిక్ షీట్ల కొటేషన్ చూసి కళ్లు తిరిగాయి. స్టోర్ రూములో ఓ 40 సీసం ఇటుకలు పడున్నాయి, అవి పేర్చేస్తే చాలదా?

క్యారమ్స్_బ్యాచ్: చాలదు తమ్ముడూ, న్యూట్రాన్‌ని ముందు నెమ్మదింపజేయాలి. స్ట్రైకర్ ఫ్రేముకి కొడితే దాదాపు అదే స్పీడుతో వెనక్కొస్తుంది కదా, సీసంతో న్యూట్రాన్ కథ కూడా అంతే, సూటిగా గుద్దుకుని తిరిగొచ్చినా 2 శాతం శక్తి కూడా పోదు. హైడ్రోజన్ కేంద్రకం న్యూట్రానంతే బరువు, అందుకే ఒక్కో గుద్దుకి సగటున సగం శక్తి లాగేసుకుంటుంది. 2 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న న్యూట్రాన్ బాగా నెమ్మదించడానికి హైడ్రోజన్‌తో 18 గుద్దులు చాలు, కార్బన్‌తో 110 దాటాలి. కాబట్టి హైడ్రోజన్ ఎక్కువున్న నీళ్లు, మైనం, హెచ్‌డీపీఈ ప్లాస్టిక్. చవక కావాలంటే నీళ్లే, కాకపోతే టిన్నుల మధ్య సందు ఉంటే న్యూట్రాన్లు అందులోంచే వచ్చేస్తాయి.

ఫైనలియర్_ఫిజిక్స్: నీళ్లంటే గుర్తొచ్చింది, మాది భారజలం ప్లాంటు ఉన్న మణుగూరు. భారజలం ఇంకా మంచిదేమో? 😀

రిటైర్డ్_ల్యాబ్: నవ్వులాటకి అన్నా చెప్తాను బాబూ, భారజలం గొప్పతనమే న్యూట్రాన్లని మింగకపోవడం. సహజ యురేనియంతో నడిచే రియాక్టర్లకి అదే కావాలి, నీకు కావలసింది మింగేది. మామూలు నీళ్లలో హైడ్రోజన్ మింగుతుంది గానీ మింగినప్పుడల్లా 2.2 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణం కక్కుతుంది, కుర్రాళ్లు రిపోర్టుల్లో మర్చిపోయేది ఇదే. బోరాన్ ఉంటే చాలావరకు అదే ముందు మింగేస్తుంది, దాని గామా 0.48 మాత్రమే. బోరాన్ ఉన్నదే కంసాలి వాడే వెలిగారం! గది వేడి దగ్గర 100 మి.లీ. నీళ్లలో 5 గ్రాముల దాకా కరుగుతుంది. బోరిక్ పౌడర్ అయినా సరే, పైన రాసిన క్యారమ్స్ అబ్బాయి బోర్డు మీద చల్లేది కూడా అదే. మిగిలిన గామాకి బయటి వరసగా నీ సీసం. లోపల పెట్టకు.

ఇక మైనం అంటావా, మేం ఒకసారి డ్రమ్ము మొత్తం ఒకేసారి పోశాం. చల్లారాక కోసి చూస్తే మధ్యలో పిడికిలి పట్టేంత గుంట! మైనం గడ్డకట్టేటప్పుడు కుంచించుకుపోతుంది, పొరలు పొరలుగా పోయాలి. వెలిగారం అందులో కరగదు, చిక్కబడే దాకా కలపకపోతే అడుక్కి చేరుతుంది. కరిగించేది వేడినీళ్ల గిన్నెలో పెట్టే, నేరుగా మంట మీద పెడితే అంటుకుంటుంది. సోర్సుని మాత్రం నువ్వు ముట్టుకోకు, డ్రమ్ము మార్చడం, సర్వే మీటర్‌తో కొలవడం మీ రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ పని, డిజైన్ మార్చే ముందు ఆయన సంతకం తీసుకో.

ఫైనలియర్_ఫిజిక్స్: థాంక్యూ మాస్టారూ. నీళ్లూ వెలిగారం, బయట సీసం అని రాస్తున్నా. ఒక్కో ఇటుక 12 కిలోలు ఉంది, రెండో అంతస్తుకి ఎవరు మోస్తారో సార్‌నే అడగాలి.