పిల్లికి ట్రైక్యాట్ బూస్టర్ ఏటా వేయించాలా, మూడేండ్లకా?

నల్లగొండ, మిర్యాలగూడ వైపు పిల్లులు పెంచేవాళ్లు జర చెప్పండి. పిల్లికి రెండున్నరేండ్లు. 8, 12, 16 వారాలకు ట్రైక్యాట్ (మూడు వైరస్ జబ్బులకు కలిపి వేసే టీకా), ఏడాది వయసులో బూస్టర్ పడ్డాయి. వాటిలో పాన్‌ల్యూకోపీనియా (వాంతులు, విరేచనాలతో పిల్లుల ప్రాణం తీసే జబ్బు) మీద రక్షణ మూడేండ్లయినా నిలుస్తుంది, కానీ జలుబు తెచ్చే హెర్పిస్, కాలిసి వైరస్‌ల మీద అంతకాలం ఆగదు. ఇది గోడ దూకి వీధి పిల్లులతో కలిసే రకం, అందుకే ఏటా వేయించడమే నయమనిపిస్తోంది. రేబిస్ సంగతి వేరు: సీసా మీద రాసిన బూస్టర్ గడువు దాటనివ్వొద్దు, అది సకాలంలోనే అయింది.

ట్రైక్యాట్‌కే ఆరు నెలలు ఆలస్యమైంది. ఇప్పుడు ఒక్క డోసు చాలా, మూడు నాలుగు వారాల తేడాతో రెండు పడాలా? టీకా 2–8 డిగ్రీల్లోనే ఉండాలి కదా, ఎండాకాలం కరెంటు పోయినా ఆ చల్లదనం తప్పనివ్వని క్లినిక్ ఇక్కడ ఎక్కడుంది? హైదరాబాద్ దాకా బుట్టలో తీసుకుపోతే పిల్లి బాగా బెదురుతోంది.