కొత్త ఇంట్లో దర్వాజాకి చెదలు, ఇప్పుడేం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది నల్గొండ దగ్గర ఒక ఊరు, గృహప్రవేశం అయి ఎనిమిది నెలలు కూడా కాలేదు. మొన్న బీరువా జరిపి ఊడుస్తుంటే వెనక గది దర్వాజా పక్కన గోడ మీద పెన్సిల్ మందాన ఎర్రమట్టి గీత పైకి పాకి కనిపించింది, గోటితో గీకితే లోపల తెల్లటి చెదలు బిలబిలలాడుతున్నాయి. గుండె ఆగినంత పనైంది. వేప చెక్క చేదు, దానికి చెదలు పట్టవంటే నమ్మి పెట్టించాం, పునాదిలో మందు కొట్టించకుండా తప్పు చేశాం.

ఇప్పుడు ఒకాయన గోడ, నేల కలిసే చోట అడుగుకొక రంధ్రం డ్రిల్ చేసి ఇమిడాక్లోప్రిడ్ అనే చెదల మందు పోస్తానంటున్నాడు, ఇంకొకాయన క్లోరోపైరిఫాస్ చాలంటున్నాడు, దాని వాసనేమో చాలా ఘాటు. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది, బోరు కూడా గోడకి పది అడుగుల్లోనే ఉంది, నా టెన్షన్ అంతా అదే.

ఇల్లు కట్టాక ఇలా చేయించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మళ్లీ రాకుండా ఎన్నేళ్లు ఆగింది, టైల్స్ పగిలాయా, పాపను ఎన్ని రోజులు బయట ఉంచాలి? ఆ దర్వాజా పీకేయాలా, మందుతో నిలుస్తుందా? తట్టి చూస్తే కింద జానెడు మేర డొల్లగా మోగుతోంది. వానలు ముదిరేలోపు చేయించాలి, తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.