పైకెత్తిన రాయిలో స్థితిజ శక్తి నిజంగా ఉందా, లేక మనం రాసుకునే పద్దేనా?

సైన్స్ టీచర్

స్థితిజ శక్తి పాఠం చెబుతుంటే ఒక పిల్ల అడిగిన ప్రశ్న రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. మీటరు ఎత్తు బల్ల మీద అరకిలో తూకంరాయి పెట్టాను. ఎంజీహెచ్ సూత్రంతో (ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తుల లబ్ధం) నేల నుంచి లెక్కిస్తే 4.9 జౌల్స్, బల్ల నుంచి లెక్కిస్తే సున్నా. "రాయి కదల్లేదు కదా సార్, మరి అందులో ఉన్నది ఎంత?" అంది. నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. సున్నా ఎక్కడ పెట్టుకోవాలో మన ఇష్టమైతే అది రాయిలో ఉన్న శక్తి ఎలా అవుతుంది? శక్తి పుట్టదు, నశించదు అనే శక్తి నిత్యత్వ లెక్క తప్పిపోకుండా మనం కల్పించుకున్న పద్దు అనే నాకు అనిపిస్తోంది. కాదంటే కారణం చెప్పండి.

రైలు ప్రయాణికుడు

కాదనే అంటాను. చూసేవాణ్ణి బట్టి విలువ మారినంత మాత్రాన కల్పితం అనేస్తే, కదలిక వల్ల వచ్చే గతిజ శక్తి కూడా మిగలదు. రైల్లో నా ఒళ్లో ఉన్న పుస్తకానికి నా లెక్కలో గతిజ శక్తి సున్నా. స్టేషన్‌లో నిలబడ్డవాడి లెక్కలో బోలెడంత. మీ తూకంరాయి బల్ల మీంచి జారితే నేలను తాకేసరికి దానికి వచ్చే గతిజ శక్తి 4.9 జౌల్సే, మీరు సున్నాను పైకప్పు దగ్గర పెట్టుకున్నా సరే. ఆ తేడా మన ఇష్టాన్ని బట్టి మారదు.

సైన్స్ టీచర్

తేడా నిజమే, ఒప్పుకుంటున్నాను. కానీ గతిజ శక్తిని కదిలే వస్తువులో చూపించగలను. దీన్ని ఎక్కడని చూపించను?

అయస్కాంతం

చిక్కంతా "వస్తువుకు ఉండే శక్తి" అన్న మాటలో ఉంది మాస్టారూ. ఒకే రకం అయస్కాంతాలు రెండు తీసుకుని, నున్నటి గాజు పలక మీద ఒకదాని ఉత్తర ధ్రువం రెండోదాని దక్షిణ ధ్రువానికి ఎదురుగా ఉండేలా పెట్టండి. రెండు చేతులతో కాస్త ఎడంగా పట్టుకుంటే వేళ్లకు ఆ లాగుడు తెలుస్తూనే ఉంటుంది. ఒక్కసారి వదిలేయండి. రెండూ ఒకదానివైపు ఒకటి పరుగెత్తి మధ్యలో టక్కున అతుక్కుంటాయి. ఆ శక్తి ఎడమదానిదా, కుడిదానిదా? ఏ ఒక్కదానిదీ కాదు, జంటది.

రాయి, భూమి కూడా జంటే. రాయి పడుతున్నప్పుడు భూమి కూడా దానివైపు కదులుతుంది. రెండింటి ద్రవ్యవేగాలూ (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేవి) సమానం కాబట్టి, ద్రవ్యరాశి ఎక్కువ ఉన్నదానికి గతిజ శక్తి అంత తక్కువ వస్తుంది. భూమి వాటా లేనట్టే. అందుకే మొత్తం రాయిదే అనిపిస్తుంది.

పదాల మనిషి

పేరు గురించి ఒక మాట. స్థితిజ శక్తికి ఇంగ్లిషులో 1853లో రాంకిన్ అనే శాస్త్రవేత్త పెట్టిన 'పొటెన్షియల్' అన్న పేరు వింటే ఇంకా శక్తి కాలేదు, ముందుముందు అవుతుంది అన్నట్టు ఉంటుంది. మన 'స్థితిజ' నాకు అంతకంటే నచ్చుతుంది. స్థితి నుంచి పుట్టినది అంటున్నాం, అమరిక మీద ఆధారపడిందని పేరులోనే ఉంది.

సైన్స్ టీచర్

జంటది అన్న మాట బాగుంది. అయితే బల్ల మీద పుస్తకాన్ని రుద్దుతూ జరిపినా నేను పని చేస్తున్నాను కదా, అక్కడ రాపిడికి స్థితిజ శక్తి ఎందుకు రాయం? మనకు వీలైనచోట పద్దు రాసుకుని, వీలుకానిచోట మానేస్తున్నట్టు లేదూ?

త్రాసు

రాయలేం కాబట్టి రాయం. పుస్తకాన్ని బల్లంతా తిప్పి మొదటి చోటికే తెచ్చినా మీ కష్టం తిరిగి రాదు, వేడిగా పోయింది. పైగా దగ్గరి దారిలో జరిపితే కొంత, చుట్టుదారిలో జరిపితే ఇంకొంత పోతుంది. గురుత్వాకర్షణ దగ్గర ఏ దారిన ఎత్తినా లెక్క ఒకటే. అమరిక ఒక్కటి తెలిస్తే విలువ తెలియాలి, అప్పుడే దాన్ని స్థితిజ శక్తి అనగలం.

ఇక పద్దు అన్నదానికి నా అసలు అభ్యంతరం ఇది. ఐన్‌స్టీన్ E=mc² ప్రకారం శక్తి తగ్గితే ద్రవ్యరాశీ తగ్గాలి. పరమాణు కేంద్రకంలో ఉండే ప్రోటాన్, న్యూట్రాన్‌ల ద్రవ్యరాశులు విడివిడిగా కొలిచి కూడండి. ఆ రెండూ కలిసిన కేంద్రకం, అంటే డ్యూటెరాన్‌ది కొలవండి. సుమారు 0.1 శాతం తక్కువ వస్తుంది. ఆ లోటును శక్తిగా లెక్కిస్తే 2.2 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు (కణాల శక్తిని కొలిచే ప్రమాణం), అవి కలిసేటప్పుడు గామా కిరణంగా వెళ్లిపోయిన శక్తి అదే. లోపల కణాలకున్న గతిజ శక్తి ద్రవ్యరాశిని పెంచాలి. అయినా మొత్తం తగ్గిందంటే, స్థితిజ శక్తి అంతకు మించి రుణాత్మకంగా ఉందన్నమాట. మనం కాగితం మీద కల్పించుకున్న పద్దే అయితే ద్రవ్యరాశి ఎందుకు తగ్గాలి? నొక్కిపెట్టిన స్ప్రింగ్ కూడా బరువెక్కుతుంది. 9 జౌల్స్ దాచితే పెరిగేది కిలోను వంద కోటి కోట్ల ముక్కలు చేస్తే వచ్చే ఒక ముక్కంత, ఏ త్రాసూ పట్టలేదు. కేంద్రకం దగ్గర మాత్రం కొలతకు దొరికిపోతుంది.

సైన్స్ టీచర్

'పద్దు' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. విద్యుదావేశాన్ని రెండు పలకల మీద నిల్వ చేసే కెపాసిటర్‌లో శక్తి ఆ పలకల మధ్య విద్యుత్ క్షేత్రంలో ఉందని చెప్పగలం, ఘనపు సెంటీమీటరుకు ఎంతో కూడా లెక్కగట్టగలం. గురుత్వాకర్షణకు మాత్రం ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణ సిద్ధాంతమైన సాధారణ సాపేక్షత ప్రకారం ఫలానా బిందువు దగ్గర ఇంత శక్తి ఉందని చెప్పే వీలు లేదు. అంటే ఆ పిల్ల "ఎక్కడ?" అని అడిగితే, రాయిలో కాదు, జంటది అన్నంతవరకే చెప్పగలను. రేపు తూకంరాయి కంటే ముందు అయస్కాంతాలు పట్టుకెళ్తున్నాను. ఒకటి ఆమె చేతికే ఇస్తాను.