కొండ ఎక్కితే ఛాతీ బిగుస్తోంది, 80 శాతం బ్లాక్ అన్నారు: స్టెంటు వేయించాలా, మాత్రలతో సరిపోతుందా?

దామలచెరువు తోట:

మా నాయనకు అరవై మూడేళ్లు. ఏటా పెరటాసి నెలలో ఒక శనివారం అలిపిరి మెట్ల దారిలో కొండకు నడిచి వెళ్లడం ఆయనకు ముప్పై ఏళ్ల మొక్కు. నిరుడు గాలిగోపురం ఇంకా రాకముందే ఛాతీ మధ్యలో బండ పెట్టినట్లయి, దవడ దాకా లాగిందట. కాసేపు కూర్చుంటే తగ్గింది. లేచి నడిచి, దర్శనం చేసుకుని వచ్చారు గాని మాకెవరికీ చెప్పలేదు. ఈ మధ్య మామిడి తోటలో గట్టు ఎక్కినా అలాగే అవుతోందని అమ్మ కనిపెట్టడంతో తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకువెళ్లాను. యాంజియోగ్రామ్‌లో కుడి రక్తనాళంలో 80 శాతం బ్లాక్ కనిపించింది. ఎడమ వైపు ప్రధాన నాళం బాగుందనీ, గుండె కండరం బలం మామూలుగానే ఉందనీ చెప్పారు. ఆయన ఇంకా బల్ల మీద ఉండగానే డాక్టరు బయటికి వచ్చి, ఇప్పుడే స్టెంటు వేసేస్తాం, సంతకం పెట్టండి, ఇంటికి తీసుకుపోతే ఏ క్షణమైనా గుండెపోటు రావచ్చు అన్నారు. నేను గడువు అడిగి తీసుకొచ్చేశాను. బంధువుల్లో సగం మంది నన్ను కన్నతండ్రి విషయంలో పిసినారితనం చేశానని అంటున్నారు. నేను అడగదలచుకున్నది ఒక్కటే: ఇలాంటి బ్లాక్‌కు స్టెంటు వేస్తే గుండెపోటు తప్పుతుందా, ఆయుష్షు పెరుగుతుందా?

కపిలతీర్థం:

నేను గుండె వైద్యుణ్ణి కాను. వైద్య విద్యార్థులకు శరీరధర్మశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మీరు అడిగిన రెండింటికీ, మీరు చెప్పిన వివరాల మేరకు, ఇప్పటికి ఉన్న సాక్ష్యం చెప్పే జవాబు 'లేదు' అనే.

అయితే ముందు ఒక గీత గీయాలి. గుండెపోటు వచ్చి నాళం పూర్తిగా మూసుకుపోయినవారికి, విశ్రాంతిగా కూర్చున్నా నొప్పి వస్తున్నవారికి, రోజురోజుకూ తక్కువ శ్రమకే నొప్పి మొదలవుతున్నవారికి స్టెంటు ప్రాణం నిలుపుతుంది. అందులో చర్చ లేదు. మీ నాయనగారిది ఇంత శ్రమ చేస్తే వచ్చి, కూర్చుంటే పోయే నొప్పి. దీనినే స్థిరమైన ఆంజైనా అంటారు. మెట్ల మీద ఒకప్పుడు వచ్చిన నొప్పి ఇప్పుడు తోట గట్టుకే వస్తోందన్నారు గనుక, అది ఎన్నాళ్లలో జరిగిన మార్పో మీ వైద్యునికి తప్పక చెప్పండి.

గుండె నాళాన్ని డ్రిప్పు పైపుతో పోల్చి, ఒకచోట మట్టి అడ్డం పడింది, తీసేస్తే సరి అని చెప్పడం అలవాటైపోయింది. కాని గుండెపోటు చాలావరకు అలా రాదు. నాళం గోడలో పేరుకున్న మెత్తని కొవ్వు గడ్డ మీది పలుచని పొర చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టడంతో వస్తుంది. 1980లలో గుండెపోటు వచ్చినవారి పాత యాంజియోగ్రామ్‌లు తిరగేసి చూసినప్పుడు, ఆ తరువాత మూసుకుపోయిన చోట్లలో చాలావాటిలో అంతకుముందు సగం కూడా ఇరుకు లేదని తేలింది. ఇరుకు ఎక్కువగా ఉన్న చోట స్టెంటు పెడితే ఆ ఒక్క అంగుళం బాగుపడుతుంది. మిగతా నాళమంతా ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. కొవ్వు తగ్గించే స్టాటిన్ మాత్ర పని చేసేది ఆ మిగతా నాళం మీద.

ఇది ఊహ మాత్రమే అయితే నేను ఇంత గట్టిగా చెప్పను. 2007లో వెలువడిన కరేజ్ అధ్యయనంలో 2,287 మందిని రెండుగా విభజించి, ఒక జట్టుకు మందులతో పాటు స్టెంటు, రెండో జట్టుకు మందులు మాత్రమే ఇచ్చి సగటున నాలుగున్నర ఏళ్లకు పైగా గమనించారు. మరణమో గుండెపోటో సంభవించినవారు స్టెంటు జట్టులో 19 శాతం, మందుల జట్టులో 18.5 శాతం. దానికి వచ్చిన అభ్యంతరాలకు సమాధానంగా, మన దేశంతో సహా 37 దేశాల్లో 5,179 మందితో ఇస్కీమియా అనే అధ్యయనం జరిపి 2020లో ప్రకటించారు. అక్కడా ప్రాణాల లెక్కలో తేడా రాలేదు.

చిత్తూరు గాంధీ రోడ్డు:

కపిలతీర్థం గారి మీద నాకు గౌరవం ఉంది, కాని కాగితం మీది రోగి వేరు, మన ఊళ్లో రోగి వేరు. నాకు రెండు స్టెంట్లు ఉన్నాయి, వేసి ఆరేళ్లయింది, అందుకే మాట్లాడుతున్నాను.

మొదటి సంగతి, మందుల జట్టు అన్నవారు అందరూ మందులతోనే ఉండిపోలేదు. కరేజ్‌లో వారిలో మూడో వంతు మంది, ఇస్కీమియాలో ఐదింట ఒకరు, ఆ తరువాత స్టెంటో బైపాసో చేయించుకున్నారు. రెండో సంగతి, ఎడమ ప్రధాన నాళంలో బ్లాక్ ఉన్నవారినీ, గుండె బాగా బలహీనపడినవారినీ, నొప్పి భరించలేనివారినీ ఇస్కీమియాలోకి అసలు తీసుకోలేదు. మూడోది, ఆ జట్టులో మందులు వేళకు అందించి, బీపీ, కొవ్వు మాటిమాటికీ చూసి, వదిలేయకుండా వెంటపడేవారున్నారు. పాకాల పక్క పల్లెలో ఉన్న రైతు వెంట ఎవరు పడతారు?

ఇంకొకటి, దాన్ని ఎవరూ చెప్పడం లేదు. అదే ఇస్కీమియా రోగులను ఏడేళ్ల వరకు గమనించి 2022లో చెప్పినదాని ప్రకారం, గుండె సంబంధ మరణాలు స్టెంటు, బైపాస్ జట్టులో 6.4 శాతం, మందుల జట్టులో 8.6 శాతం. ఆ తేడా మా ఇంట్లో మనిషిది అయితే చిన్నది కాదు.

కపిలతీర్థం:

మీరు చెప్పిన అంకె సరైనదే, కాని వాక్యాన్ని సగంలో ఆపారు. అదే నివేదికలో గుండెతో సంబంధం లేని మరణాలు స్టెంటు, బైపాస్ జట్టులో 5.6 శాతం, మందుల జట్టులో 4.4 శాతం, మొత్తం మరణాలు కలిపితే 12.7, 13.4. ఆ చిన్న తేడా యాదృచ్ఛికం కాదని చెప్పడానికి గణాంకాలు ఒప్పుకోలేదు. ఒక గడిని ఎంచుకుని పక్క గడిని మూసేయడం ఎవరు చేసినా తప్పే.

ఇస్కీమియా మొదటి ఆరు నెలల లెక్కలో కూడా ఒక విశేషం ఉంది. గుండెపోటు, మరణం వంటి ప్రమాదాలు జోక్యం చేసిన, అంటే స్టెంటో బైపాసో చేసిన, జట్టులో 5.3 శాతం, మందుల జట్టులో 3.4 శాతం, అంటే మొదట్లో జోక్యం వల్లనే కొన్ని గుండెపోట్లు వచ్చాయి. ఐదేళ్లు గడిచేసరికి లెక్క తిరగబడి 16.4, 18.2 అయింది. తేడా ఎటూ మొగ్గకుండా మధ్యలో రెండు గీతలూ ఒకదాన్నొకటి దాటుకున్నాయి. మందుల జట్టులో ఐదింట నలుగురు స్టెంటు లేకుండానే గడిపారన్నది కూడా మీ వాదనలోనే ఉన్న నిజం.

ఎడమ ప్రధాన నాళం గురించి మీరన్నది పూర్తిగా ఒప్పుకుంటున్నాను. అందుకే అది బాగుందని ప్రశ్న అడిగినవారు రాయకపోయి ఉంటే నేను జవాబే రాసేవాణ్ణి కాను.

చంద్రగిరి మందుల షాపు:

కౌంటరు ఇవతలి నుంచి ఒక మాట. గాంధీ రోడ్డు గారు చెప్పిన మూడో సంగతి నిజమే. కొవ్వు రిపోర్టు మామూలుగా వచ్చిందని స్టాటిన్ మానేసినవారు నాకు వారానికి ఒకరైనా తగులుతారు. రిపోర్టు మామూలుగా ఉన్నది ఆ మాత్ర వల్లనే అని చెప్తే నవ్వి వెళ్లిపోతారు. 1994లో వచ్చిన స్కాండినేవియా అధ్యయనంలో, గుండె జబ్బు ఉన్న 4,444 మందిలో సగం మందికి సిమ్వాస్టాటిన్ ఇస్తే మరణాలు 30 శాతం తగ్గాయి. స్థిరమైన ఆంజైనాలో స్టెంటుకు ఇలాంటి అంకె లేదు.

కాని మాత్రలు మింగని మనిషికి స్టెంటే దిక్కు అనే తీర్పు తలకిందులు. స్టెంటు వేసినవారే మాత్రలు మరింత జాగ్రత్తగా వేసుకోవాలి. స్థిరమైన జబ్బులో వేసినా సాధారణంగా ఆరు నెలల పాటు రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ, ఆ తరువాత ఒకటి జీవితాంతం. పన్ను పీకించుకోవడానికని తనంతట తానే క్లోపిడోగ్రెల్ ఆపేస్తే, లోపలి లోహపు జాలి మీద రక్తం గడ్డకట్టి, లేని గుండెపోటును తెచ్చుకున్నట్లవుతుంది.

ఖర్చు సంగతి: 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూసిన స్టెంటుకు 29,600 రూపాయలు, మామూలు లోహపు స్టెంటుకు 7,260 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించింది. అంతకుముందు లక్షకు పైగా పలికిన సరుకు అది. స్టెంటు ధర తగ్గినా, బిల్లులో మిగతా పద్దులు ఎలా పెరుగుతాయో ఆసుపత్రి గడప తొక్కినవారికి నేను చెప్పనక్కరలేదు.

చిత్తూరు గాంధీ రోడ్డు:

అంకెలు వదిలేద్దాం. స్టెంటు వేసిన మూడో రోజు నేను మేడ మెట్లు ఆగకుండా ఎక్కాను. అంతకుముందు రెండేళ్లు ఎక్కలేకపోయాను. ఇది కూడా భ్రమేనంటారా?

కపిలతీర్థం:

మీ అనుభవాన్ని కాదనను. ఎందువల్ల తగ్గిందన్నదే అడుగుతాను, ఎందుకంటే ఈ విషయంలో వైద్యులు ఇంతకుముందు ఒకసారి ఘోరంగా మోసపోయారు.

1950లలో ఆంజైనాకు ఒక శస్త్రచికిత్స బాగా వాడుకలో ఉండేది. రొమ్ము ఎముక పక్కగా వెళ్లే ధమనిని ముడివేస్తే, ఆ రక్తం గుండె వైపు మళ్లుతుందని నమ్మకం. చేయించుకున్నవారిలో ఎక్కువమంది నొప్పి తగ్గిందన్నారు, మాత్రలు తగ్గించుకున్నారు. 1959లో సియాటిల్‌కు చెందిన లియోనార్డ్ కాబ్ బృందం 17 మందిని తీసుకుని, ఎనిమిది మందికి ధమనిని ముడివేసి, తొమ్మిది మందికి చర్మం మాత్రం కోసి కుట్టేసింది. ఎవరికి ఏది జరిగిందో రోగులకు తెలియదు. రెండు జట్లకూ ఇంచుమించు ఒకేలా తగ్గింది. ఆ శస్త్రచికిత్స అక్కడితో కనుమరుగైంది.

స్టెంటుకు ఇటువంటి పరీక్ష పెట్టడానికి, 1977లో జూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ మొదటిసారి గుండె నాళంలో బెలూను ఉబ్బించిన నాటి నుంచి నలభై ఏళ్లు పట్టింది. 2017లో లండన్‌లో రాషా అల్ లామీ నాయకత్వాన జరిగిన ఆర్బిటా అనే అధ్యయనంలో, ఒకే నాళంలో తీవ్రమైన బ్లాక్ ఉన్న 200 మందికి ముందు ఆరు వారాలు మందులు సరిచేసి, తరువాత చెవులకు సంగీతం పెట్టి, మత్తు ఇచ్చి, సగం మందికి స్టెంటు వేసి, సగం మందికి వేసినట్లు నటించారు. ఆరు వారాల తరువాత ట్రెడ్‌మిల్ మీద స్టెంటు జట్టు 28 సెకన్లు, నటన జట్టు 12 సెకన్లు ఎక్కువ నడిచాయి. ఆ 16 సెకన్ల తేడా గణాంకాల లెక్కకు నిలవలేదు.

చిత్తూరు గాంధీ రోడ్డు:

అదే అల్ లామీ గారి రెండో ఆర్బిటా సంగతి మీరే చెప్తారేమోనని చూశాను. 2023లో 301 మందితో, నొప్పి తగ్గించే మాత్రలన్నీ ఆపేసి, మళ్లీ అదే నటనతో పోల్చారు. రోగులు పన్నెండు వారాలు రోజూ ఫోనులో తమ నొప్పి నమోదు చేశారు. ఈసారి స్టెంటు జట్టుకు నొప్పి స్పష్టంగా తగ్గింది, ట్రెడ్‌మిల్ మీద నిమిషం దాకా ఎక్కువ నడిచారు. నటన అని తెలియని మనుషులతోనే వచ్చిన ఫలితం ఇది. నా మేడ మెట్లు భ్రమ కాదు.

కపిలతీర్థం:

చెప్పి ఉండాల్సింది, దాటవేశాను, తప్పు నాదే. ఇస్కీమియాలో కూడా వారానికి ఒకసారైనా నొప్పి వచ్చేవారిలో, ఏడాది తరువాత నొప్పి పూర్తిగా లేనివారు జోక్యం చేసిన జట్టులో సగం మంది, మందుల జట్టులో ఐదో వంతు మంది. నొప్పికి స్టెంటు పనిచేస్తుంది. మా వాదం ఇంతసేపూ రెండు వేర్వేరు ప్రశ్నల మీద నడిచింది. ఆసుపత్రిలో ఈ ప్రశ్న అడిగినవారితో 'నొప్పి తగ్గడానికి ఇది ఒక మార్గం, మాత్రలు ఇంకొకటి, ఆలోచించుకోండి' అని చెప్పి ఉంటే నాకు ఒక్క అభ్యంతరమూ లేదు. తండ్రిని బల్ల మీద పడుకోబెట్టి, గుండెపోటు భయం చూపి సంతకం అడగడమే నాకు మింగుడుపడనిది.

దామలచెరువు తోట:

అందరికీ నమస్కారాలు. మీరు రాసినవి మా నాయనకు చదివి వినిపించాను. 'ఆయుష్షు సంగతి స్వామి చూసుకుంటాడు, మెట్లు ఎక్కగలనా లేదా అది కనుక్కో' అన్నారు. నిన్న వేరే గుండె వైద్యుణ్ణి కలిశాం. గట్టు మీది నొప్పి నాలుగైదు నెలలుగా ఒకేలా ఉందని, విశ్రాంతిలో ఎప్పుడూ రాలేదని నిర్ధారించుకున్నాక, స్టాటిన్, ఆస్పిరిన్, గుండె వేగం తగ్గించే మాత్ర మొదలుపెట్టి, ఆరు వారాలకు రమ్మన్నారు. అప్పటికీ తోట పనికి నొప్పి అడ్డం వస్తే స్టెంటు వేద్దామన్నారు, ఈసారి ముందు రోజే కూర్చుని మాట్లాడి. ఈ పెరటాసికి మాత్రం నడక వద్దన్నారు. గుండె జబ్బు ఉన్నవారు నడక దారిలో రావద్దని టీటీడీ వారు కూడా చెప్తున్నారు గదా. నాయన బీడీ మానేస్తానని ఒప్పుకున్నారు గాని బస్సు ఎక్కడానికి ఇంకా ఒప్పుకోలేదు.

చిత్తూరు గాంధీ రోడ్డు:

బస్సులో వెళ్లినా, నాలుక కింద పెట్టుకునే మాత్ర డాక్టరును అడిగి రాయించుకుని, చొక్కా జేబులోనే ఉంచమనండి, సంచిలో కాదు. అది కూర్చుని వేసుకోవాలి. నిలబడి వేసుకుంటే బీపీ తగ్గి కళ్లు తిరుగుతాయి. కూర్చున్నా నొప్పి తగ్గకపోతే దర్శనం మాట మరచి వెంటనే 108కి ఫోన్ చేయండి.