29వ వారం, పిర్ర నుంచి పిక్క దాకా జివ్వుమంటోంది.. సయాటికా (కాలిలోకి దిగే నరం నొప్పి) నేనా? ఎవరికైనా తగ్గిందా?

చిట్టిపాదాలు:
అక్కలూ, పది రోజుల్నుంచి కుడి పిర్ర లోపల ఎక్కడో మొదలై తొడ వెనక నుంచి పిక్క దాకా కరెంటు పాకినట్టు జివ్వుమంటోంది. మంచం మీద పక్కకి తిరగాలంటే ఊపిరి బిగబట్టి తిరుగుతున్నా, నిన్న రాత్రి బాత్రూంకి లేచి రెండడుగులు వేసి గోడ పట్టుకుని అలాగే నిలబడిపోయా. ఇంట్లో వాళ్ళేమో కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలేలే అంటున్నారు. మామూలే సరే, తగ్గే దారేదైనా ఉందా? మాత్ర వేసుకోవాలంటే భయం. డాక్టర్ దగ్గరికి వెళ్ళేది వచ్చే వారం.

రెండోసారి_అమ్మ:
అయ్యో చెల్లీ, ఆ గోడ పట్టుకుని నిలబడటం నాకు బాగా తెలుసు. నాకు పనిచేసింది దిండే. అందరూ మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోమంటారు కదా, నేనూ చిన్న దిండు పెట్టుకుని ఏం తగ్గట్లేదే అనుకున్నా, తర్వాత చూస్తే మోకాలు దిండు మీద ఉంది గానీ పాదం కిందికి వేలాడుతోంది, దాంతో తుంటి మెలిపడి రాత్రంతా లాగుతూనే ఉంది. మోకాలి నుంచి మడమ దాకా ఆనేంత పొడుగు దిండు పెట్టు. నొప్పి లేని వైపుకి పడుకో, నీకు కుడి కాలు కాబట్టి ఎడమ పక్కకి. లేచేటప్పుడు రెండు మోకాళ్ళూ అతికించినట్టు కలిపి ఒకేసారి పక్కకి దొర్లి, చేతులతో ఒత్తి లే. ఒక కాలు ముందు దించావా, అయిపోయావే.

నిద్రరాని_కోయిల:
నాకు కుర్చీ స్ట్రెచ్ దేవుడిలా పనిచేసింది. కదలని కుర్చీలో కూర్చుని నొప్పి ఉన్న కాలి మడమని రెండో మోకాలి మీద పెట్టి, వీపు వంచకుండా నడుము దగ్గర కొంచెం ముందుకి వంగాలి, పొట్ట నొక్కుకోనంత వరకే. పిర్ర లోపల లాగినట్టు తెలుస్తుంది, 20 సెకన్లు ఉండి వదిలెయ్. రోజుకి రెండు మూడు సార్లు.

మబ్బుతునక:
నాకు ఆ స్ట్రెచ్‌తోనే ఇంకా ఎక్కువైంది!! వీడియోలు చూసి వారం చేశా, మెట్లెక్కడం కూడా కష్టమైపోయింది. ఫిజియో దగ్గరికి వెళితే నీది సయాటికా కాదమ్మా, కటి ఎముకల జాయింట్ల నొప్పి అన్నారు. ప్యాంటు వేసుకోడానికి ఒంటికాలి మీద నిలబడొద్దు, కూర్చునే వేసుకో, కారు ఎక్కేటప్పుడు ముందు కూర్చుని తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పు అని చెప్పారు. పొట్ట కింద నుంచి తుంటి చుట్టూ కట్టే బెల్టు ఇచ్చారు. సగం నొప్పి అక్కడే పోయింది. అందుకే ముందు ఏంటో తెలుసుకుని చెయ్యండి.

ఫిజియో_పిన్ని:
నేను ఫిజియోథెరపిస్టుని. మబ్బుతునక చెప్పింది మా దగ్గర రోజూ చూసేదే. కడుపుతో ఉన్నవాళ్ళు సయాటికా అని వచ్చేవాటిలో చాలా భాగం కటి నొప్పే, నిజంగా నరం నొక్కుకుపోయేది తక్కువ. హార్మోన్ల వల్ల ఎముకల్ని కలిపి పట్టుకునే లిగమెంట్లు వదులవుతాయి, బరువు ముందుకి పడుతుంది, ఆ భారం వెనక జాయింట్ల మీద పడుతుంది. ఆ నొప్పి ఎక్కువగా పిర్రలోనో పొట్ట కింద ముందు వైపు మధ్య ఎముక దగ్గరో తొడలోనో ఉంటుంది, మోకాలు దాటడం తక్కువ. నరం నొప్పి అయితే గీత గీసినట్టు పిక్కలోకి, పాదంలోకి దిగుతుంది, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు ఉండటం కూడా తోడవుతాయి. చిట్టిపాదాలూ, నీది పిక్క దాకా అంటున్నావు కాబట్టి నరం అయ్యే అవకాశం ఉంది, కానీ ఇక్కడ కూర్చుని తేల్చలేను, చూడాల్సిందే. ఈలోపు అరగంటకోసారి లేచి నాలుగడుగులు నడువు, నడుముకి గోరువెచ్చగా 10 నుంచి 15 నిమిషాలు కాపడం పెట్టుకో, పొట్ట మీద మాత్రం వద్దు. నీళ్ళలో నడిచే వీలుంటే అంతకంటే హాయి లేదు.

కాబోయే_నాన్న:
మా ఆవిడకీ ఇదే బాధ, 31 వారాలు. ఇంట్లో డైక్లోఫెనాక్ జెల్ ఉంది, మాత్ర కాదు కదా, పైపైన రాస్తే ఏమైనా అవుతుందా?

మందుల_డబ్బా:
వద్దు అన్నా. జెల్ అయినా చర్మం లోంచి కొంత రక్తంలోకి వెళుతుంది, చివరి మూడు నెలల్లో అసలు వాడకూడదు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ రకం మాత్రలు 20 వారాల తర్వాత వద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లోనే హెచ్చరించింది, బిడ్డ కిడ్నీల మీద ప్రభావం పడి ఉమ్మనీరు తగ్గొచ్చు. మామూలుగా డాక్టర్లు చెప్పేది పారాసెటమాల్, అదీ అడిగి, అవసరమైనంతే. ఇంకో మాట, బీపీ రాకుండా డాక్టర్ తక్కువ డోసు ఆస్పిరిన్ రాసి ఉంటే ఇది చదివి భయపడి ఆపేయకండి, అది వేరే లెక్క.

కాబోయే_నాన్న:
థాంక్స్ అండీ, ట్యూబ్ తీసి పైన పెట్టేశా. పిక్కలు గట్టిగా నొక్కమంటోంది, నొక్కొచ్చా?

ఫిజియో_పిన్ని:
పిర్ర మీద అరచేత్తో మెల్లగా రుద్దు బాబూ, ఆవిడ పక్కకి తిరిగి పడుకున్నప్పుడు. పిక్కలు గట్టిగా పిసకొద్దు. ఈ సమయంలో కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డ కట్టే అవకాశం మామూలు కంటే ఎక్కువ. ఒక్క పిక్కే వాచి, వేడిగా ఎర్రగా ఉంటే అది సయాటికా కాదు, ఆ రోజే చూపించాలి.

రెండోసారి_అమ్మ:
పిన్నిగారూ, ఆగకుండా వెళ్ళాల్సినవి ఇంకేమున్నాయో కూడా రాసేయండి, కొత్తవాళ్ళు చదువుతారు.

ఫిజియో_పిన్ని:
మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, మలం ఆపుకోలేకపోవడం, మూత్రం పోసే చోటా మలద్వారం చుట్టూ మొద్దుబారడం, నడుస్తుంటే పాదం ముందు భాగం లేవక నేలకి ఈడ్చుకుపోవడం, ఇవి రాత్రి రెండింటికైనా సరే ఎమర్జెన్సీకే. నడుము నొప్పి వస్తూ పోతూ లయగా ఉంటే, నీరుగానీ రక్తంగానీ కనిపిస్తే నెలలు నిండకముందే నొప్పులు కావచ్చు, దాన్ని సయాటికా అని ఇంట్లో కూర్చోవద్దు. చలిజ్వరం, మూత్రంలో మంట ఉంటే కిడ్నీ ఇన్ఫెక్షన్ కూడా నడుములోనే నొప్పి పుట్టిస్తుంది.

చిట్టిపాదాలు:
అందరికీ థాంక్స్, వారం ఆగకుండా నిన్ననే వెళ్ళొచ్చా. డాక్టరమ్మ మడమల మీద, మునివేళ్ళ మీద నడిపించి, మోకాలి దగ్గర చిన్న సుత్తితో కొట్టి, రెండు బొటనవేళ్ళూ పైకి లేపమని ఆమె వేలితో అదిమి చూశారు. బలం ఉంది, నరం కొంచెం చికాకు పడిందంతే, ఇప్పుడు స్కాన్ అక్కర్లేదన్నారు. ఫిజియోకి రాశారు. కుర్చీ స్ట్రెచ్ నాకు పడింది, కోయిలక్కా. రెండోసారి_అమ్మ అక్కా, పొడుగు దిండు లేక రెండు దుప్పట్లు చుట్టి పెట్టుకున్నా, రాత్రి ఒక్కసారే లేచా. తెల్లారేసరికి దుప్పట్లు మా ఆయన దగ్గర ఉన్నాయి అనుకో, అది వేరే గొడవ.