అప్‌డేట్: నెల్లూరు ఆఫీసులో టీమ్ నన్ను కలుపుకోవడం లేదన్న నా ప్రశ్న

టీమ్ వాళ్లు పలకరించరు, పని సమాచారం చివరి నిమిషంలో చెబుతారు, పొద్దున లేస్తే ఆఫీసుకి పోబుద్ధి కాదు అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది మెయిల్ సలహా. నోటితో చెప్పిన పనిని అదే రోజు రాసి పంపాలి: ఏ పని, ఎప్పటికి, ఎవరి నుంచి ఏం రావాలి. మేనేజర్ సీసీలో ఉండాలి, ఫిర్యాదు మాట మాత్రం ఒక్కటీ ఉండకూడదు. ఉంటే అవతలివాళ్లు ఇంకా బిగుసుకుపోతారు. తర్వాత మేనేజర్‌తో విడిగా మాట్లాడినప్పుడు "నన్ను దూరం పెడుతున్నారు" అనే బదులు, "ఈ ఫైల్ గడువుకి ముందురోజు సాయంత్రం అందింది" అని తేదీలతో చూపించాలి. అసలు చిక్కు అక్కడే బయటపడింది: పనులన్నీ పాత వాట్సాప్ గ్రూపులో పంచుకుంటున్నారు, నాలాంటి కొత్తవాళ్లని అందులో చేర్చే బాధ్యత ఎవరిదీ కాదు. ఇప్పుడు అందరికీ కనిపించే షీట్‌లో పెడుతున్నారు.

దిగులుతో నిద్ర పట్టనివాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. దిగులు, నిద్రలేమి రెండు వారాలు దాటితే డాక్టర్‌ని కలవాల్సిందే.

టీమ్‌కి మలై కాజాలు పంచమన్న సలహా దండగ. తిన్నారు, అంతే. చెన్నైకి ట్రాన్స్‌ఫర్ అడగాల్సిన అవసరం పడలేదు. లంచ్‌కి ఇప్పటికీ పిలవరు, దానివల్ల పనేమీ ఆగడం లేదు.