ఒక్క గీత సరిచేయడం సహకారమా, చిల్లర పనా?

తొలిఅడుగు:
ఓపెన్ సోర్స్‌లో, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్‌లో, ఇదే నా మొదటి ప్రయత్నం. ఒక చిన్న బ్యాకప్ ప్రోగ్రామును ఇన్‌స్టాల్ చేసుకుంటూ, రీడ్‌మీలో (ప్రోగ్రాముతో వచ్చే పరిచయ ఫైలు) ఇచ్చిన కమాండును ఉన్నదున్నట్టు టైపు చేశాను. పనిచేయలేదు. గంటసేపు కుస్తీ పట్టాక తెలిసింది, ఆప్షన్ ముందు రెండు అడ్డగీతలు ఉండాల్సిన చోట ఒకటే ఉందని. రెండోది చేర్చి, ఆ మార్పును కలుపుకోమని పుల్ రిక్వెస్టు పంపాను. పది నిమిషాల్లో మూసేశారు. "అక్షరదోషాల సవరణలు తీసుకోము" అని ఒక్క ముక్క రాశారు. చిన్న సవరణ అంత పెద్ద భారమా?

పాతకాపు:
భారమేనండీ. ఏడేళ్లుగా ఒక లైబ్రరీని నడుపుతున్నాను, ఉద్యోగం అయ్యాక రాత్రిళ్లు. పంపేవారికి అది రెండు నిమిషాల పని. నేను తెరిచి చదవాలి, టెస్టులు పూర్తయ్యేదాకా ఆగాలి, నచ్చకపోతే నొప్పించకుండా జవాబు రాయాలి. 2020 అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ ప్రోత్సాహక కార్యక్రమం పుణ్యమా అని ఏం జరిగిందో చూసినవాళ్లం. నాలుగు పుల్ రిక్వెస్టులు పంపితే టీషర్టు ఇస్తామన్నారు. రీడ్‌మీ శీర్షిక పక్కన "అద్భుతమైన ప్రాజెక్టు" అని చేర్చి పంపినవారు కోకొల్లలు. నెల మొదలై నాలుగు రోజులైనా కాకముందే నిర్వాహకులు నిబంధన మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకోవలసి వచ్చింది.

కొసరు:
టీషర్టు కోసం వచ్చినవారినీ, గంట పోగొట్టుకుని వచ్చినవారినీ ఒకే గాటన కడతారా? కమాండు తప్పుంటే అది అక్షరదోషం కాదు, బగ్. అది కోడ్‌లో ఉందా, రీడ్‌మీలో ఉందా అన్నది వాడేవాడికి అనవసరం.

నిద్రలేమి:
చిన్నవన్నీ నిరపాయకరం కాదు. పాత కోడ్‌లో ఖాళీలు సర్దే కమిట్లనే (నమోదు చేసిన మార్పులు) తీసుకోండి. తర్వాత ఎవరైనా "ఈ వరుస ఎవరు, ఎందుకు రాశారు" అని గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనం) బ్లేమ్‌లో వెతికితే సర్దినవారి పేరే కనబడుతుంది. అలాంటి కమిట్లను పక్కనపెట్టి చూపే సదుపాయాన్ని 2019లో గిట్ 2.23లో చేర్చారంటే ఆ చిరాకు ఎంతటిదో ఊహించుకోండి.

ఇంకోటి. ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే సాధనంలో దొంగదారి పెట్టిన 'జియా టాన్' అనే ఖాతాదారు 2021 అక్టోబరులో పంపిన మొదటి ప్యాచ్ (సవరణ) ఏమిటి? ఎడిటర్ సెట్టింగుల ఫైలు ఒకటి, అంతే. అలా నమ్మకం కూడబెట్టుకుని, రెండేళ్లు దాటాక 5.6.0, 5.6.1 వెర్షన్లలో పని కానిచ్చాడు. ఎస్ఎస్‌హెచ్ (దూరాన ఉన్న కంప్యూటరులోకి ప్రవేశించే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్‌కు అనుమానం రాకపోతే ఏమయ్యేదో!

కొసరు:
ఆ ఉదాహరణ నా వాదనకే బలం. అక్కడ తలుపు తెరిచింది చిన్న ప్యాచ్ కాదు. ఎక్స్‌జెడ్ మెయింటెయినర్ (ప్రాజెక్టు బాధ్యుడు) ఒక్కడే ఏళ్లతరబడి మోశాడు, పైగా తన ఆరోగ్యం బాగాలేదని చెప్పుకున్నాడు కూడా. అప్పుడు కొన్ని ముక్కూమొహం తెలియని ఖాతాలు "ఇంత నెమ్మదా, ఇంకెవరికైనా అప్పగించు" అని వెంటపడ్డాయి. కొత్తవాళ్లను గుమ్మంలోనే తిప్పిపంపితే రేపు రివ్యూకు భుజం ఇచ్చేది ఎవరు?

పాతకాపు:
భుజం ఇచ్చేవారు అక్షరదోషాలతోనే మొదలవుతారన్నది ఆశ మాత్రమే. నా దగ్గర అలా మొదలుపెట్టి నిలిచినవారు ఇద్దరు. మాయమైనవారిని లెక్కపెట్టడం మానేశాను. అయినా తొలిఅడుగు గారూ, ఒకటి అడుగుతాను. ఆ రిక్వెస్టుకు శీర్షిక ఏం పెట్టారు?

తొలిఅడుగు:
నేనేమీ పెట్టలేదు. బ్రౌజర్‌లోనే దిద్దాను కదా, అదే "అప్‌డేట్ రీడ్‌మీ" అని వేసుకుంది. వివరణ కూడా రాయలేదు.

పాతకాపు:
అదీ సంగతి. టీషర్టు బాపతు రిక్వెస్టుల మీద నేను వందలసార్లు చూసిన శీర్షిక అదే. తెరవకుండానే మూసేస్తాను, నిజం చెప్పాలంటే. కమాండు ఇది, వచ్చిన ఎర్రర్ ఇది, గీత చేర్చాక నడిచింది, ఫలానా వెర్షన్‌లో చూశాను అని నాలుగు వాక్యాలు రాసి ఉంటే నేనైతే ఆ రాత్రే కలిపేసేవాణ్ణి.

కొసరు:
చదవకుండా మూసేశామని ఒప్పుకుంటూనే తప్పు పంపినవారిదంటారు! ఆ నాలుగు వాక్యాలు రాయాలని కొత్తవారికి చెప్పే మూస ఒకటి రిపోజిటరీలో (ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు) పెట్టవచ్చు కదా?

పాతకాపు:
పెట్టాను. ఖాళీగా పంపుతారు.

తొలిఅడుగు:
ఎర్రర్‌తో సహా వివరంగా ఇష్యూ (సమస్య నమోదు) తెరిచి మూడు రోజులైంది. మెయింటెయినర్ నుంచి ఇంకా ఉలుకూ పలుకూ లేదు. నిన్న మాత్రం దాని కింద ఇంకొకరు రాశారు, వారూ ఆ కమాండు దగ్గరే ఆగిపోయారట.